చెట్టు తనకోసం కట్టుకున్న వడపోత

తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు

కొండవాగు రాళ్లమీదుగా దూకుతూ వస్తుంది. అడుగున ఉన్న ఇసుక కూడా కనిపించేంత తేటగా ఉంటాయి నీళ్లు. ఎండలో నడిచి నడిచి దాహంతో ఉన్న మనిషి ఇక ఆలోచించడు. దోసిలి పట్టి కడుపునిండా తాగేస్తాడు. ఎగువన పశువులు వాగులోకి దిగాయేమో, ఒడ్డున ఎవరైనా బహిర్భూమికి వెళ్లారేమో, నిన్నటి వాన ఏ మురికిని కొట్టుకొచ్చి కలిపిందో అతనికి తెలియదు. మన కంటికి ఆనేది బురద ఒక్కటే. మనల్ని మంచాన పడేసే జీవులు బురదకన్నా చాలా చిన్నవి.

పొయ్యి లేదు, క్లోరిన్ బిళ్లలు లేవు, చుట్టూ అడవి మాత్రమే ఉంది. అప్పుడు ఒక చెట్టు కొమ్మతో ఆ నీళ్లను వడగట్టి తాగవచ్చా? వినడానికి వింతగా ఉన్నా, ఈ ప్రశ్నకు ప్రయోగశాలలో జవాబు దొరికింది. కొన్ని జాతుల చెట్లయితే, ఒక హద్దు వరకు, వడగట్టవచ్చు. ఏ జాతులు, ఏ హద్దు, ఎందుకలా అన్నది తెలియాలంటే ముందు నీళ్లలో ఏముందో, తర్వాత చెట్టు లోపల ఏముందో చూడాలి.

నీళ్లలో దాగున్నవాటిని వాటి సైజును బట్టి వరుసలో పెట్టుకుందాం. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మైక్రాన్‌లో వెయ్యో వంతు నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు. నీళ్ల విరేచనాలు తెచ్చే జియార్డియా అనే ఏకకణజీవి కోశం 8 నుంచి 12 మైక్రాన్లు. అలాంటిదే అయిన క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6 మైక్రాన్లు. కలరా, టైఫాయిడ్ బాక్టీరియాలు, మలంతో నీళ్లు కలుషితమయ్యాయని పట్టిచ్చే ఈ.కోలి, ఇవన్నీ అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ వెడల్పు, ఒకటి నుంచి మూడు మైక్రాన్ల పొడవు ఉంటాయి. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ 70 నానోమీటర్లు దాటి ఉంటుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లు 30 నానోమీటర్ల దగ్గర. ఇక ఉప్పు, ఫ్లోరైడ్ లాంటివి నీళ్లలో పూర్తిగా కరిగి అయాన్లుగా ఉంటాయి. వాటి కొలత నానోమీటరులో కూడా కొద్ది వంతు మాత్రమే.

ఈ వరుస గుర్తుంటే ఏ వడపోత ఎంతవరకు పని చేస్తుందో మనమే చెప్పగలం.

పాత చీర నేర్పిన పాఠం

అన్నిటికన్నా సులువైన వడపోత బిందె మూతికి కట్టిన గుడ్డ. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఒకప్పుడు మన పల్లెల్లో నారికురుపు అనే జబ్బు ఉండేది. కాలిమీద బొబ్బలేచి, పగిలి, అందులోంచి మూరెడు పొడవున్న పురుగు నెమ్మదిగా బయటికి వచ్చేది. వారాల తరబడి మనిషి పనికి పోలేక, నడవలేక మంచంలో ఉండేవాడు. ఈ పురుగు పిల్లలు బావుల్లో, చెరువుల్లో సైక్లోప్స్ అనే చిన్న జలచరం కడుపులో పెరుగుతాయి. ఆ సైక్లోప్స్ ఉన్న నీళ్లు తాగిన మనిషికి జబ్బు సోకుతుంది. సైక్లోప్స్ పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు. కాబట్టి దగ్గరి నేత గుడ్డతో వడగడితే అది ఆగిపోతుంది. బావుల్లోకి మనుషులు దిగకుండా చేసి, నీళ్లు వడగట్టుకోవడం నేర్పి, కేసులను వెతికి పట్టుకుని మన దేశం ఈ జబ్బును తుడిచిపెట్టింది. మందుతో కాదు, టీకాతో కాదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం ఈ జబ్బునుంచి విముక్తమైందని ధ్రువీకరించింది.

కలరా విషయంలోనూ గుడ్డ కొంత పని చేసింది. కలరా బాక్టీరియా నీళ్లలోని సూక్ష్మ జలచరాల ఒంటికి అంటుకుని బతుకుతుందని అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్‌వెల్ గుర్తించారు. బాక్టీరియా ఒక్కటే అయితే గుడ్డ దారాల మధ్యనుంచి సులువుగా జారిపోతుంది. జలచరానికి అంటుకుని ఉంటే దానితోపాటు ఆగిపోతుంది. ఆమె బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను ఎన్నో మడతలు వేసి నీళ్లు వడగట్టించింది. అలా వడగట్టుకున్న ఊళ్లలో కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రచురించింది. పాత చీరే ఎందుకంటే, ఉతికి ఉతికి దారాలు చివికి, విప్పారి, వాటి మధ్య సందులు చిన్నవైపోతాయి. మిగతా సగం ఎందుకు తగ్గలేదో మన వరుస చెబుతుంది. విడిగా తేలే బాక్టీరియాను గుడ్డ ఆపలేదు.

బాక్టీరియాను ఆపే వడపోత 19వ శతాబ్దం చివర్లో వచ్చింది. పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్లాండ్ 1884లో మెరుగు పూయని పింగాణీతో ఒక గొట్టం చేయించాడు. దాని గోడలోని సన్నటి రంధ్రాల్లో నీళ్లు దూరిపోతాయి, బాక్టీరియా ఆగిపోతాయి. మన ఇళ్లలో స్టీలు ఫిల్టర్ పై గిన్నెలో నిలబెట్టే తెల్లటి క్యాండిల్ ఆ గొట్టానికి వారసురాలే.

ఆ పింగాణీ గొట్టం మరో మేలు కూడా చేసింది. 1892లో రష్యాలో దిమిత్రి ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని ఆ గొట్టంలో వడగట్టాడు. బాక్టీరియా ఉంటే ఆగిపోయి ఉండాలి. వడగట్టిన రసం పూస్తే మంచి మొక్కకూ తెగులు వచ్చింది. 1898లో మార్టినస్ బైయెరింక్ అదే ప్రయోగం మళ్లీ చేసి, ఆ దాటిపోయినదానికి వైరస్ అని పేరు పెట్టాడు. వడపోతను దాటిపోవడమే వైరస్‌లకు మొట్టమొదటి గుర్తింపు. ఒక జల్లెడ ఏం ఆపిందన్నది ఎంత ముఖ్యమో, ఏం వదిలిందన్నదీ అంతే ముఖ్యమని సైన్సు అక్కడే నేర్చుకుంది. కొమ్మ దగ్గరకు వెళ్లేటప్పుడు మనమూ ఇదే గుర్తుంచుకోవాలి.

వంద మీటర్ల ఎత్తుకు నీళ్లు ఎవరు తోడతారు?

పీల్చే పంపు నీళ్లను 10 మీటర్లకు మించి పైకి లాగలేదు. వాతావరణ పీడనం మోయగలిగే నీటి స్తంభం అంతే. కాలిఫోర్నియాలో హైపీరియన్ అని పేరుపెట్టిన రెడ్‌వుడ్ చెట్టు ఎత్తు మాత్రం 115 మీటర్లు దాటింది. దాని చిటారు కొమ్మలకు కూడా రోజూ నీళ్లు అందుతూనే ఉన్నాయి. చెట్టులో గుండె లేదు, మోటారు లేదు.

1894లో ఐర్లండ్ శాస్త్రవేత్తలు హెన్రీ డిక్సన్, జాన్ జోలీ దీనికి సమాధానం ఇచ్చారు. ఆకులనుంచి నీరు ఆవిరవుతుంది. దీన్నే బాష్పోత్సేకం అని మనం హైస్కూల్లో చదువుకున్నాం. ఆవిరైన ప్రతి అణువూ తన వెనకున్న అణువును లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ లాగుడు ఆకునుంచి కొమ్మకు, కొమ్మనుంచి మానుకు, మానునుంచి వేరుకు పాకుతుంది. నీళ్లను కిందినుంచి ఎవరూ నెట్టడం లేదు. పైనుంచి ఎండ లాగుతోంది.

ఈ ఏర్పాటులో ఒక ప్రమాదం ఉంది. బిగుతుగా లాగబడుతున్న నీటి స్తంభంలోకి ఒక్క గాలి బుడగ దూరితే చాలు, అది క్షణంలో ఉబ్బిపోతుంది, స్తంభం తెగిపోతుంది. ఆ గొట్టం ఇక నీళ్లు మోయలేదు. ఇలా తెగడం వినిపిస్తుంది కూడా. 1966లో బ్రిటన్ శాస్త్రవేత్తలు మిల్‌బర్న్, జాన్సన్ నీళ్లు అందక వాడుతున్న ఆముదం మొక్కకు సున్నితమైన పరికరం తగిలించి, లోపల ఒక్కొక్క స్తంభం తెగినప్పుడు పుట్టే టిక్కు టిక్కుమనే కంపనాలను నమోదు చేశారు. మన తెలంగాణ చెలకల్లో ఎండకు తలలు వాల్చే ఆముదం మొక్కలు ఆ సమయంలో లోలోపల ఎంత పోరాడుతుంటాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కరువు వచ్చినా, మంచు పడినా, పురుగు తొలిచినా, కొమ్మ విరిగినా బుడగలు పుడుతూనే ఉంటాయి. అవి ఒక గొట్టంనుంచి పక్క గొట్టానికి పాకితే చెట్టంతా ఎండిపోతుంది. నీళ్లను వదలాలి, బుడగను ఆపాలి. చెట్లు కోట్ల ఏళ్లుగా బతికి బట్టకట్టింది ఈ సమస్యను తీర్చుకోబట్టే.

నులక మంచంలాంటి పొర

నీళ్లు మోసే కణజాలాన్ని దారువు అంటారు. పైన్, దేవదారు, రెడ్‌వుడ్ లాంటి వివృతబీజ వృక్షాల్లో దారువు దాదాపు అంతా దారుకణాలే. ఒక్కో దారుకణం కొన్ని మిల్లీమీటర్ల పొడవు, వెంట్రుకకన్నా సన్నని వెడల్పు ఉన్న గొట్టం. రెండు కొసలూ మూసుకుని ఉంటాయి. దాని పక్కగోడల్లో గుండ్రని గర్తాలు ఉంటాయి. కింది గొట్టంలోని నీళ్లు పై గొట్టంలోకి పోవాలంటే ఈ గర్తం గుండానే పోవాలి.

ఒక గర్తాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే అందులో ఒక అద్భుతమైన అమరిక కనిపిస్తుంది. గర్తానికి అడ్డంగా పలచని పొర. పొర చుట్టూ అంచున సెల్యులోజ్ పోగులు నులక మంచం అల్లికలా సాగి ఉంటాయి. నడుమ మాత్రం సందు లేని గట్టి బిళ్ల. ఆ బిళ్లను టోరస్ అంటారు, అల్లికను మార్గో అంటారు. మామూలప్పుడు బిళ్ల గర్తం మధ్యలో వేలాడుతుంటుంది, నీళ్లు చుట్టూ ఉన్న అల్లిక సందుల్లోంచి పారుతాయి. ఒక పక్క గొట్టంలోకి గాలి చేరిందనుకోండి. రెండోపక్క ఉన్న నీటి లాగుడుకు బిళ్ల అటు జరిగి గర్తం మూతికి అతుక్కుంటుంది. దారి మూసుకుపోతుంది. బుడగ ఆ ఒక్క గొట్టంలోనే చిక్కుకుపోతుంది. చెట్టు ఒక గొట్టాన్ని వదులుకుని మిగతా అన్నిటినీ కాపాడుకుంటుంది.

గాలి బుడగకోసం అల్లిన ఈ పొరల్లోని సందులు చాలా చిన్నవి. బాక్టీరియా పట్టనంత చిన్నవి. చెట్టుకు మన కలరాతో, మన టైఫాయిడ్‌తో పని లేదు. తన ప్రాణం కాపాడుకోవడానికి అది కట్టుకున్న ఏర్పాటు, కొలతల కలయిక వల్ల మన ప్రాణానికీ పనికొచ్చేదిగా ఉంది.

సెకనుకు ఒక చుక్క

ఈ సంగతిని వడపోతగా మార్చి చూసింది అమెరికాలోని ఎంఐటీలో రోహిత్ కర్ణిక్ బృందం. ఐఐటీ బాంబేలో చదువుకున్న కర్ణిక్ అతి సన్నని రంధ్రాల్లో ద్రవాలు ఎలా పారతాయో పరిశోధించే ఇంజనీరు. మైకేల్ బూటిలియే తదితరులతో కలిసి ఆయన చేసిన ప్రయోగం 2014 ఫిబ్రవరిలో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది.

వాళ్లు వాడిన సరంజామా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వైట్ పైన్ చెట్టునుంచి కోసిన పచ్చి కొమ్మ. దాన్ని అంగుళం పొడవు, అర అంగుళం మందం ముక్కలుగా కోశారు. బెరడు ఒలిచేశారు. ప్లాస్టిక్ గొట్టం కొసలో ముక్కను బిగించి, పక్కనుంచి చుక్క కూడా కారకుండా ఎపాక్సీ జిగురుతో అతికించి, క్లాంపు వేశారు. గొట్టంలో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టారు. అంతే.

ముందుగా ఎర్ర రంగు రేణువులు కలిపిన నీళ్లు పోశారు. ఆ రేణువుల సైజు 70 నుంచి 500 నానోమీటర్లు. పైన ఎర్రటి నీళ్లు, కింద రాలినవి తెల్లటి నీళ్లు. తర్వాత ఆ ముక్కను నిలువునా చీల్చి చూస్తే, ఎరుపంతా పైనున్న రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉండిపోయింది. మిగతా చెక్క తన సహజమైన రంగులోనే ఉంది. దారుకణం పొడవు కొన్ని మిల్లీమీటర్లేనని చెప్పుకున్నాం కదా, అంటే రేణువులు మొదటి వరుస గర్తాలు దాటలేకపోయాయి. మరో ప్రయోగంలో 20 నానోమీటర్ల రేణువులు పోస్తే అవి ఆగలేదు, నీళ్లతోపాటు కిందికి వచ్చేశాయి.

ఆ తర్వాత మెరిసే రంగు వేసిన నిర్జీవ ఈ.కోలి కలిపి పోశారు. వడగట్టిన నీళ్లలో కణాలు లెక్కపెడితే 99.9 శాతం పోయాయి. చెక్కను ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు కింద పెడితే, బాక్టీరియా గర్తాల పొరల దగ్గర గుంపులుగా చిక్కుకుని మెరుస్తూ కనిపించాయి. నీళ్లు సెకనుకు సుమారు ఒక చుక్క చొప్పున రాలాయి. తక్కువే అనిపిస్తుంది. రోజంతా అలా రాలితే 4 లీటర్లు. 3 ఘన సెంటీమీటర్ల చెక్క ముక్క ఒక మనిషి దాహం తీర్చగలదు.

99.9 శాతం అంటే ఏమిటో ఇక్కడే లెక్క వేసుకుందాం. లీటరు నీళ్లలో లక్ష బాక్టీరియా ఉంటే వడగట్టాక వంద మిగులుతాయి. పది వేలుంటే పది మిగులుతాయి. ప్రమాదం చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. మురుగు కలిసిన నీళ్లకు, కాస్త కలుషితమైన ఊటనీళ్లకు ఈ కొమ్మ ఒకే రకం భరోసా ఇవ్వలేదు.

ఎండితే మూసుకునే తలుపులు

ప్రయోగశాలలో పని చేసింది కదా అని కొమ్మ ముక్కలు కోసి, డబ్బాలో పెట్టి ఊళ్లకు పంపుదామంటే కుదరలేదు. ఎండిన ముక్కలోంచి నీళ్లు సరిగా దిగవు. చెక్క ఎండుతున్నప్పుడు గర్తాల్లోంచి నీరు వెనక్కి తగ్గుతూ, తన తలతన్యతతో నడిమి బిళ్లను లాగి గర్తం మూతికి అతికిస్తుంది. చెట్టు దృష్టిలో అది బుడగ వచ్చినప్పుడు చేయాల్సిన పనే. చనిపోయిన కొమ్మలోనూ ఆ కాపలా ఆగలేదు. మన వడపోత మాత్రం మూతపడిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. నీళ్లు పారుతున్నకొద్దీ చెక్కలోని సహజ పదార్థాలు ఊరి వచ్చి రంధ్రాలకు అడ్డం పడతాయి.

కృతికా రామ్‌చందర్, కర్ణిక్, వారి సహచరులు ఈ రెండు చిక్కులకూ విరుగుడు కనిపెట్టి 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించారు. ముక్కల్ని గంటసేపు వేడినీళ్లలో నానబెడితే ఊరి వచ్చే పదార్థాలు ముందే పోతాయి. తర్వాత ఇథనాల్‌లో ముంచి ఆరబెడతారు. ఇథనాల్ తలతన్యత నీటికన్నా బాగా తక్కువ. అది ఆవిరయ్యేటప్పుడు బిళ్లను అంత గట్టిగా లాగదు, తలుపులు తెరిచే ఉంటాయి. ఇలా సిద్ధం చేసిన ముక్కలు రెండేళ్లకు పైగా నిలవ ఉన్నా పని చేశాయి. కారణం సరిగ్గా తెలిస్తే పరిష్కారం ఎంత చవగ్గా దొరుకుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ఈ పని కోసం వాళ్లు మన దేశానికీ వచ్చారు. స్థానిక స్వచ్ఛంద సంస్థలతో కలిసి వెయ్యిమందికి పైగా జనంతో మాట్లాడి, వాళ్లకు ఎలాంటి పరికరం కావాలో అడిగి తెలుసుకున్నారు. పైన నీళ్లు పోసే పాత్ర, దానికింద మీటరు పొడవు గొట్టం, గొట్టం చివర చెక్క వడపోత, ఒక కుళాయి. మీటరు ఎత్తు నీళ్ల బరువే ఒత్తిడి. కరెంటు అక్కర్లేదు. గంటకు ఒక లీటరు వస్తుంది. చెక్క ముక్కను రోజుకోసారో వారానికోసారో మార్చుకోవాలి. ఊటనీళ్లు, కుళాయినీళ్లు, భూగర్భజలాలు మూడింటితోనూ పరీక్షించి ఈ.కోలి లాంటి కోలిఫాం బాక్టీరియా తగ్గుతోందని చూపారు. ప్రయోగశాలలో తయారుచేసిన నీళ్లలో రోటావైరస్‌ను, ఎంఎస్-2 అనే అతి చిన్న వైరస్‌ను కూడా 99.9 శాతానికి మించి తొలగించగలిగారు.

20 నానోమీటర్ల రేణువులు దాటిపోయిన చెక్కలో 27 నానోమీటర్ల ఎంఎస్-2 ఎలా ఆగిందన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. వడపోతలో రెండు పద్ధతులుంటాయి. సందు పట్టక ఆగిపోవడం ఒకటి. సందు పట్టినా గోడకు అంటుకుపోవడం రెండోది. మొదటిది సైజు మీద ఆధారపడుతుంది కాబట్టి దాన్ని నమ్మవచ్చు. రెండోది నీళ్లలోని లవణాల మీద, కలిసిన మలినాల మీద, ఆ వైరస్ ఉపరితలం మీద ఆధారపడి మారిపోతుంటుంది. అందుకే అడవిలో కోసిన పచ్చి కొమ్మ వైరస్‌లను ఆపుతుందన్న ధీమా పెట్టుకోకూడదు.

వేపకొమ్మ, సరుగుడుకొమ్మ ఎందుకు పనికిరావు?

ఇది చదివి ఎవరైనా పెరట్లో వేపకొమ్మ విరిచి ప్రయత్నిస్తారేమోనని నా భయం. దయచేసి వద్దు. వేప, మామిడి, చింత, టేకు, మద్ది, మర్రి ఇవన్నీ పూలు పూసే ఆవృతబీజ వృక్షాలు. వీటిలో దారుకణాలతోపాటు దారునాళాలు ఉంటాయి. కణాలు ఒకదానిపై ఒకటి పేర్చుకుని, మధ్య గోడలు కరిగి ఏర్పడిన పొడవైన గొట్టాలవి. కొన్ని సెంటీమీటర్లనుంచి ఒక్కోచోట మీటరు దాకా అడ్డు లేకుండా సాగిపోతాయి. అంగుళం ముక్క కోస్తే కొన్ని నాళాలు ఈ కొసనుంచి ఆ కొస దాకా తెరిచే ఉంటాయి. వాటిలోంచి బాక్టీరియా హాయిగా దిగిపోతుంది. నీళ్లు వేగంగా వస్తాయి, చెక్కలోంచి వచ్చాయి కదా అని నమ్మకమూ కలుగుతుంది. తప్పుడు నమ్మకం అసలు వడపోత లేకపోవడం కన్నా ప్రమాదం.

మన కోస్తాలో ఇంకో పొరపాటుకు అవకాశముంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక నేలల్లో సరుగుడు తోటలున్నాయి. సన్నటి సూదుల్లాంటి ఆకులు, చిన్న శంకువుల్లాంటి కాయలు చూసి దాన్ని పైన్ అనుకునేవాళ్లు చాలామంది. సరుగుడు పూలు పూసే చెట్టు. సూదుల్లా కనిపించేవి నిజానికి దాని పచ్చని సన్న రెమ్మలు. దాని చెక్కలో నాళాలున్నాయి. అరకులో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ కూడా ఆవృతబీజమే. అరకు వైపు నాటి పెంచిన పైన్ తోటలు కొన్ని ఉన్నాయి, అంతకుమించి మన రెండు రాష్ట్రాల అడవుల్లో ఈ పద్ధతికి కావలసిన చెట్టు సహజంగా దొరకడం కష్టం. ఇది హిమాలయాల పద్ధతి. ఉత్తరాఖండ్, హిమాచల్ కొండల్లో చిర్ పైన్ అడవులు విస్తారంగా ఉన్నాయి, ఊటనీళ్ల మీద బతికే ఊళ్లూ అక్కడే ఉన్నాయి.

మరి మన అడవులు మనకేమీ ఇవ్వలేదా? ఇచ్చాయి. చిల్లగింజను, కొన్నిచోట్ల ఇండుపుగింజ అనేదాన్ని, కుండ లోపలి అంచున నీళ్లతో అరగదీసి, అందులో బురదనీళ్లు పోసి ఉంచితే మడ్డి అడుగుకు చేరి పైన తేటనీరు మిగులుతుంది. మునగ గింజల పొడి కూడా ఇదే పని చేస్తుంది. నీళ్లలో తేలే బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కిందికి దిగవు. మునగ గింజల్లోని ధనావేశపు ప్రోటీన్ వాటిని అతికి గుంపులు చేస్తుంది. గుంపు బరువెక్కి దిగిపోతుంది, కొంత బాక్టీరియానూ వెంట తీసుకుపోతుంది. అయితే ఇది తేర్చడమే, శుద్ధి చేయడం పూర్తి కాలేదు. తేరిన నీళ్లను మరిగించాలి. తేర్చడం వల్ల తర్వాతి పని ఏదైనా సులువవుతుంది. పైన్ కొమ్మ వడపోతకైనా అంతే. బురదనీళ్లు పోస్తే గంటల్లో పూడుకుపోతుంది, తేర్చి పోస్తే ఎక్కువసేపు నిలుస్తుంది.

అడవిలో చేయాల్సి వస్తే

హిమాలయాల్లో ట్రెకింగుకు వెళ్లే తెలుగు యువతీయువకులు ఏటా పెరుగుతున్నారు. దారి తప్పి, వంటసామాను లేక, పైన్ అడవిలో చిక్కుకుంటే పద్ధతి తెలిసి ఉండటం మంచిదే. గుర్తుంచుకోవలసినవి ఇవి.

చెట్టును కచ్చితంగా గుర్తుపట్టగలగాలి. హిమాలయాల్లో పెరిగే యూ అనే శంకువృక్షం విషపూరితం, దాన్ని తాకవద్దు. పైన్ సూదులు రెండు మూడు అయిదు చొప్పున ఒకే మొదలునుంచి గుత్తులుగా వస్తాయి. యూ ఆకులు విడివిడిగా, బల్లపరుపుగా ఉంటాయి.

పచ్చి కొమ్మే కావాలి. వేలెడు లావున్న లేత కొమ్మ మంచిది. ముదిరిన కర్రలో నడుమ చేవ ఉంటుంది, చేవలోంచి నీళ్లు పారవు. పారేది చుట్టూ ఉన్న రసదారువులోంచే. అంగుళం ముక్క కోసి, కత్తి పదునుతో కొసలు నున్నగా చేసి, బెరడు పూర్తిగా ఒలవాలి. బెరడుకూ చెక్కకూ మధ్య సందు ఉంటే నీళ్లు వడగట్టకుండానే దిగిపోతాయి.

ట్రెకింగులో వీపున మోసే నీళ్ల సంచికి ఉండే రబ్బరు గొట్టంలో ముక్కను దూర్చి గట్టిగా బిగించాలి. అసలు పనంతా ఈ బిగింపులోనే ఉంది. సంచిని వీలైనంత ఎత్తున కట్టాలి. ఎత్తు రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపవుతుంది, ధారా పెరుగుతుంది. మొదట వచ్చే నీళ్లు పారబోయాలి. మధ్యలో ముక్క ఎండిపోనివ్వకూడదు. ఉన్నట్టుండి ధార వేగంగా వచ్చిందంటే సంతోషించకూడదు, పక్కనుంచి కారుతోందని అర్థం. కింద పట్టే సీసా, దాని మూత, మన చేతులు శుభ్రంగా లేకపోతే చేసిన శ్రమంతా వృథా.

నిప్పు చేసుకునే వీలుంటే మాత్రం కొమ్మ జోలికి పోనక్కర్లేదు. నీళ్లు తెర్లి ఒక నిమిషం మరిగితే చాలు, బాక్టీరియా, వైరస్, ఏకకణజీవులు మూడూ చస్తాయి. రెండు వేల మీటర్లకు పైన కొండల్లో మూడు నిమిషాలు మరిగించాలి, ఎందుకంటే అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ఎండ బాగా ఉంటే తేటనీళ్లను రంగులేని ప్లాస్టిక్ సీసాలో పోసి ఆరు గంటలు ఎండలో పడుకోబెట్టడం మరో మార్గం. కొమ్మతో వడగట్టి ఆపైన ఎండబెడితే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి.

కరిగినదాన్ని మాత్రం ఇవేవీ తీయలేవు. సముద్రపు ఉప్పు కొమ్మలోంచి వచ్చేస్తుంది. పురుగుమందులు, ఫ్యాక్టరీ వ్యర్థాలూ అంతే. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకలను వంచేసింది. దాన్ని గుడ్డ ఆపదు, క్యాండిల్ ఆపదు, పైన్ కొమ్మ ఆపదు, మరిగించడం ఆపదు. మరిగిస్తే నీరు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను పట్టి కిందికి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. దానికి ఆ జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అంటారు. అది రసాయనశాస్త్రం చేసే పని, జల్లెడ చేసేది కాదు.

ఈ పరిశోధన విలువ ఒక అడవిమార్గపు చిట్కాతో ఆగదు. చెట్టు బతుకును ఓపిగ్గా చదివినవాళ్లు బుడగలు ఎలా ఆగుతాయో తెలుసుకున్నారు. ఆ జ్ఞానాన్ని ఎన్నో ఏళ్ల తర్వాత మరొకరు తీసుకుని నీళ్ల జబ్బులకు పనికొచ్చే వస్తువు చేశారు. అందులో తలుపులు ఎందుకు మూసుకుంటాయో వృక్షశాస్త్రం ముందే చెప్పి ఉండబట్టే ఇథనాల్ ఉపాయం దొరికింది. అయినా ఈ వడపోత ప్రతి ఇంటికీ సురక్షితమైన కుళాయి నీళ్లు అందించే బాధ్యతనుంచి ప్రభుత్వాలను తప్పించదు. ఆ నీళ్లు అందేదాకా మనుషులు బతికి ఉండటానికి సాయపడుతుంది.

ఇకమీదట ఏ వడపోత మన ముందుకు వచ్చినా, అది కొండమీద కోసిన కొమ్మయినా, దుకాణంలో వేల రూపాయలకు అమ్మే యంత్రమయినా, మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎంత సైజు వరకు ఆపుతుంది? ఏం వదిలేస్తుంది? ఎన్నాళ్లకు మార్చాలి? జవాబు తెలిస్తే ఆ వడపోతను దాని హద్దులో నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర మాత్రం కొనవద్దు.